నిఘంటువులో ఉన్నంత మాత్రాన నిజమా? వికీలో కులం మాటలకు ఆధారాలు చూపడం ఎలా

సినిమా నచ్చకపోతే 'చండాలంగా ఉంది' అంటాం. కూర మాడినా, రోడ్డు గుంతలు పడినా, ఎవరి చేతిరాతైనా అర్థం కాకపోయినా అదే మాట. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని ఒక విద్యార్థి ఫోన్‌లో వెతికితే ముందుగా కనిపించేవి ఆన్‌లైన్ నిఘంటువులు, విక్షనరీ పేజీలు, వికీపీడియా వ్యాసాలు. గ్రంథాలయానికి వెళ్లి సంపుటాలు తిరగేసే ఓపిక, అవకాశం అందరికీ ఉండవు. కాబట్టి ఆ పేజీలో ఏం రాశారు, దానికి ఏ ఆధారం చూపారు అనేది మనం పట్టించుకోవాల్సిన విషయం.

వికీపీడియా, విక్షనరీ ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ప్రాజెక్టులు. విక్షనరీ ప్రాజెక్టు 2002 డిసెంబరులో మొదలైంది, తెలుగు వికీపీడియా 2003లో. రాసేవారి చదువు, హోదా అక్కడ లెక్కలోకి రావు. రాసినదానికి ఆధారం ఉందా లేదా అన్నదే లెక్క. పైకి ఇది అందరికీ సమానంగా కనిపించే నియమం. అయితే ఆధారాలుగా చెలామణి అయ్యే పుస్తకాలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి మాటలు పోగుచేశారు అని అడిగితే ఆ సమానత్వంలోని లోటు బయటపడుతుంది. వికీల్లో రాయడం మొదలుపెట్టిన దళిత విద్యార్థులకు, కార్యకర్తలకు ఈ లోటును ఎలా ఎదుర్కోవాలో తెలియాలి. అందుకే ఈ వ్యాసం.

ఏ పుస్తకం, ఏ కూర్పు?

ముందు సాంకేతికంగా కనిపించే ఒక చిన్న సంగతి. 'మూలం: బ్రౌన్ నిఘంటువు' అని చాలామంది రాసి వదిలేస్తారు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మొదట అచ్చయింది 1852లో. కానీ చికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటులో మనం చూసేది 1903 నాటి రెండో కూర్పు. దాన్ని వెంకటరత్నం, క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించారు. అంటే అక్కడ కనిపించిన వాక్యం బ్రౌన్‌దే కావచ్చు, యాభై ఏళ్ల తర్వాత సవరించినవారిది కూడా కావచ్చు. 1852 అని రాస్తే చదువరిని తప్పుదోవ పట్టించినట్టే.

అలాగే 'మూలం: ఆంధ్రభారతి' అని రాస్తుంటారు. ఆంధ్రభారతి ఒక నిఘంటువు కాదు, ఎన్నో నిఘంటువులను ఒకచోట వెతుక్కునే వీలు కల్పించిన సైటు. ఒక పదం కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ ఇలా రకరకాల పుస్తకాల నుంచి అర్థాలు వరుసగా వస్తాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఈ రెంటి మధ్య యాభై ఏళ్ల దూరం ఉంది. సైటు పేరు మాత్రమే రాస్తే ఆ దూరం మాయమైపోతుంది. అలమర పేరు చెప్పి ఊరుకోకుండా అందులోంచి తీసిన పుస్తకం పేరు కూడా చెప్పాలి.

'పెన్ను' లేదా 'కుర్చీ' గురించి రాసేటప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. కులానికి సంబంధించిన మాటల దగ్గర మాత్రం సంవత్సరమే సగం అర్థం.

'చండాల' అనే మాటనే చూద్దాం

సంస్కృత పదాల కోసం వికీల్లో ఎక్కువగా ఉదహరించేది మోనియర్ విలియమ్స్ సంస్కృత–ఇంగ్లీషు నిఘంటువు, 1899 కూర్పు. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం దీన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో 'చండాల' పదానికి వెలి అయినవాడు, మిశ్రజాతులన్నిటిలోకీ హీనుడు అనే అర్థం ఇచ్చి, శూద్ర తండ్రికి, బ్రాహ్మణ తల్లికి పుట్టినవాడని కూడా చేర్చారు.

ఈ చివరి ముక్క ఎక్కడిది? మనుస్మృతి పదో అధ్యాయంలోని వర్ణసంకర సిద్ధాంతం. అది ఒక ధర్మశాస్త్రం చేసిన వాదన. నిఘంటువులోకి వచ్చేసరికి అది పదానికి అర్థంగా మారింది. ఇప్పుడు ఒక వాడుకరి ఆ నిఘంటువును మూలంగా చూపించి, విక్షనరీలో 'చండాలుడు: శూద్రుడికి బ్రాహ్మణ స్త్రీ యందు జన్మించిన హీనజాతివాడు' అని రాస్తాడు. నియమం ప్రకారం ఆధారం ఉంది, లింకు కూడా పనిచేస్తుంది. ఎవరైనా తొలగిస్తే 'ఆధారం ఉన్న సమాచారాన్ని ఎందుకు తీసేశారు' అని ప్రశ్న వస్తుంది. ఈ విధంగా మనువు చెప్పిన మాట మోనియర్ విలియమ్స్ మీదుగా, చెప్పినవారి పేరు లేకుండా, వికీ సొంత గొంతుతో బయటికి వస్తుంది.

ఈ సిద్ధాంతాన్ని అంబేడ్కర్ సూటిగా ప్రశ్నించారు. ఆయన మరణానంతరం, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం రచనలు–ప్రసంగాల నాలుగో సంపుటంగా ప్రచురించిన 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో మనువు మిశ్రజాతుల కథ మీద ఒక అధ్యాయమే ఉంది. చండాలుల జనసంఖ్యతో పోల్చిచూస్తే ఆ కథ ఎంత అసంబద్ధమో ఆయన లెక్కకట్టి అడిగారు. అంటే ఈ పదం గురించి రాయడానికి 1899 నిఘంటువుతో పాటు మరో ప్రచురిత ఆధారం కూడా మన చేతిలో ఉంది.

ఇంకొకటి. చండాల అనేది పుస్తకాలకే పరిమితమైన మాట కాదు. బెంగాల్‌లో ఒక పెద్ద సమూహాన్ని ప్రభుత్వ జనగణన ఈ పేరుతోనే నమోదు చేసేది. ఆ ప్రజలు పట్టుబట్టి పోరాడితే 1911 జనగణనలో నామశూద్రులు అనే పేరు నమోదైంది. 1899 నిఘంటువును మాత్రమే చూసే సంపాదకుడికి ఈ పోరాటం కనిపించదు. ఎందుకంటే ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి పేరు ఇంకా మారలేదు.

మరైతే ఎలా రాయాలి? నిఘంటువును తీసి పారేయనక్కర్లేదు. అది చెప్పింది అది చెప్పినట్టే, దాని పేరు మీదే రాయాలి. ఉదాహరణకు ఇలా:

'ధర్మశాస్త్రాలు అంటరానివారిగా చూసిన సమూహాలకు వాడిన పేరు. శూద్ర తండ్రికి, బ్రాహ్మణ తల్లికి పుట్టినవారని మనుస్మృతి పదో అధ్యాయం చెబుతుంది. మోనియర్ విలియమ్స్ నిఘంటువు, 1899, అదే వివరణను నమోదు చేసింది. అంబేడ్కర్ ఈ వివరణను తిరస్కరించారు. నేటి తెలుగులో "చండాలం" అంటే అసహ్యకరమైనది అనే వాడుక ఉంది. ఇది కులం నుంచి పుట్టిన కించపరిచే వాడుక.'

ఇందులో సమాచారం తగ్గలేదు, పెరిగింది. ఎవరి మాట ఎవరిదో తేలింది. 'హీనం' అన్నది ఆ పదంలోని గుణంగా కాకుండా, ఆ పదాన్ని వాడినవారి చూపుగా కనిపిస్తోంది.

పుట్టుక ఒకటి, వాడుక ఒకటి

నిఘంటువును చూపించి దబాయించే అలవాటు వికీలకే పరిమితం కాదు. కులం పేరుతో తిట్టినవాడు కూడా అదే పని చేస్తాడు. 'అది కులం పేరే కదా, నిఘంటువులో ఉన్నదే కదా, నేను తిట్టలేదు' అంటాడు. ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో కోర్టు ముందుకు వచ్చిన మాట 'చమార్'. అత్యాచారాల నిరోధక చట్టాన్ని అన్వయించేటప్పుడు పదం వ్యుత్పత్తిని పట్టుకుని కూర్చోకూడదని, జనం వాడుకలో అది సంపాదించుకున్న అర్థాన్ని చూడాలని, లేకపోతే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందని కోర్టు చెప్పింది. 2011లో ఆర్ముగం సేర్వై కేసులో తమిళనాడులోని కులపదాల విషయంలోనూ ఇదే దృష్టితో చూసింది. 1989 చట్టానికి 2015లో సవరణ తెచ్చినప్పుడు, బహిరంగంగా కులం పేరుతో దూషించడాన్ని విడిగా నేరంగా చేర్చారు.

వికీ సంపాదకులు కోర్టు కానక్కర్లేదు. కానీ ఈ తీర్పులు భాషాశాస్త్రపరంగా కూడా సరైన మాటే చెప్పాయి. ఒక పదానికి మూడు సంగతులుంటాయి: అది ఎక్కడ పుట్టింది, నిఘంటువులు దాన్ని ఎప్పుడు ఎలా నమోదు చేశాయి, నేడు జనం దాన్ని ఎలా వాడుతున్నారు. నిఘంటువు మొదటి రెంటికీ మంచి ఆధారం. మూడోదానికి, ముఖ్యంగా నిఘంటువు పాతదైతే, సరిపోదు.

'హరిజన' దీనికి తేలికైన ఉదాహరణ. 1930లలో గాంధీ ప్రచారంలోకి తెచ్చిన మాట. ఆయన పెట్టిన వారపత్రిక పేరు కూడా అదే. వ్యుత్పత్తి చూస్తే 'దేవుడి మనుషులు'. కుల ధ్రువీకరణ పత్రాల్లో ఈ మాట వాడొద్దని కేంద్ర హోంశాఖ 1982లో రాష్ట్రాలకు చెప్పింది. నేడు ఇది అవమానించడానికి వాడే మాట అయిందని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో గుర్తించింది. 'హరిజనులు: దేవుని బిడ్డలు, దళితులకు మరో పేరు' అని నిఘంటువు ఆధారంతో రాసి వదిలేస్తే ఈ చరిత్రంతా పోతుంది. ఆ పేరును దళితులు ఎందుకు వద్దన్నారో చదువరికి తెలియకుండా పోతుంది.

విక్షనరీలో ఇందుకు వీలుంది. పదం పక్కన 'కించపరిచే వాడుక', 'పాతబడిన వాడుక', 'చారిత్రకం' వంటి గుర్తులు పెట్టవచ్చు. ఈ గుర్తులకు ఆధారంగా కోర్టు తీర్పులను, ప్రభుత్వ ఉత్తర్వులను, ప్రచురితమైన దళిత రచనలను చూపవచ్చు.

నిఘంటువులో లేని మాటల సంగతేంటి?

ఇప్పటిదాకా నిఘంటువులో ఉన్న మాటల గురించి మాట్లాడుకున్నాం. లేని మాటలది ఇంకో కథ. 'ఈ పదం ఏ నిఘంటువులోనూ లేదు, తొలగించాలి' అనే వాదన చర్చ పేజీల్లో బలంగానే వినిపిస్తుంది.

నిఘంటువులో ఎందుకు లేదని మనం తిరిగి అడగాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువును తయారుచేసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక వాదుల కోట. జయంతి రామయ్య పంతులు దాని వెనక ఉన్న ప్రధాన వ్యక్తి. కావ్యాల్లో ప్రయోగం ఉన్న మాటకు అక్కడ పీట వేశారు, జనం నోటి మాటను గ్రామ్యమని పక్కన పెట్టారు. గిడుగు రామమూర్తి ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించారు. ఊరి జనం మాటకే చోటు దక్కనప్పుడు వాడ జనం మాటకు ఎక్కడ దక్కుతుంది?

డప్పును తీసుకోండి. పాత నిఘంటువుల్లో వాద్యాలకు, చెట్లకు, చేపలకు 'వాద్యవిశేషము', 'వృక్షవిశేషము' అని తేల్చేసే అలవాటు ఉంది. డప్పు కొట్టేవారికి అది విశేషం కాదు, విద్య. కొట్టే రెండు పుల్లల్లో లావుదాన్ని చిర్ర అంటారు, సన్నదాన్ని చిటికెన పుల్ల అంటారు. చట్రానికి తోలు అతకడానికి చింతగింజల అంబలి వాడతారు. కొట్టే ముందు మంట దగ్గర కాపి తోలు బిగిస్తారు. తోలు పనిలో లంద ఉంది, ఆరె ఉంది, రంపె ఉంది. ఈ మాటల్లో కొన్ని నిఘంటువులో దొరికినా, పని తెలిసినవారు చెప్పే అర్థం అక్కడ దొరకదు.

మంచి ప్రయత్నాలు లేవని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. పని చేసే మనుషుల దగ్గరికి వెళ్లి మాటలు సేకరించిన పుస్తకం అది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. 1991లో వచ్చిన గ్విన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక తెలుగును దృష్టిలో పెట్టుకున్నది, ఇదీ చికాగో సైటులో ఉంది. ఒక పదానికి బ్రౌన్ ఒక్కరినే చూసి ఆగకుండా వీటినీ చూడాలి.

'దళిత' అనే మాటే చూడండి. మోనియర్ విలియమ్స్‌లో దీనికి పగిలిన, చీలిన, విరిగిన అనే అర్థాలున్నాయి, వికసించిన అనే అర్థమూ ఉంది. అక్కడ ఈ మాట పువ్వుకూ చెల్లుతుంది. కానీ 1972లో ముంబైలో దళిత్ పాంథర్స్ పుట్టి, మరుసటి ఏడాది ప్రణాళికలో షెడ్యూల్డ్ కులాలు, తెగలు, నవబౌద్ధులు, కూలీలు, భూమిలేని పేదలు, స్త్రీలను కలిపి దళితులన్నప్పుడు ఆ మాటకు కొత్త అర్థం వచ్చింది. 1985 జూలైలో కారంచేడు మారణకాండ తర్వాత దళిత మహాసభ ఏర్పడినప్పుడు తెలుగు నేల మీద ఆ మాట బలం ఇంకా పెరిగింది. 1899 నిఘంటువును చూపించి 'దళితులు అంటే విరిగినవారు' అని రాస్తే వ్యుత్పత్తి చెప్పినట్టవుతుంది. ఆ పేరు పెట్టుకున్నవారు ఏ అర్థంతో పెట్టుకున్నారో చెప్పినట్టు కాదు.

అలాగే 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' పేరును వద్దని 'ఆది ఆంధ్ర' అని పేరు పెట్టుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను ఒప్పుకుంది. 1903 నాటి కూర్పులో ఈ పరిణామం ఉండే వీలే లేదు. లేనంత మాత్రాన మాట లేనట్టు కాదు.

వికీపీడియాకు ఒకటి, విక్షనరీకి ఒకటి

ఇక్కడ రెండు ప్రాజెక్టుల తేడా తెలిసి ఉండాలి. వికీపీడియాలో సొంత పరిశోధన రాయకూడదు. 'మా వాడలో ఇలాగే అంటాం, నాకు తెలుసు' అంటే ఒప్పుకోరు, ప్రచురితమైన ఆధారం చూపాలి. విక్షనరీలో మాత్రం పదం వాడుకలో ఉందని నిరూపించడానికి ప్రచురిత రచనల నుంచి ప్రయోగాలను చూపవచ్చు. ఇంగ్లీషు విక్షనరీలో బాగా నమోదైన భాషలకు నిఘంటువులో ఉండటం కన్నా, నిజంగా వాడిన ప్రయోగాలు వేర్వేరు చోట్ల కనిపించడమే ముఖ్యం. ఫలానా పదం ఉందని చెప్పడం వేరు, ఆ పదంతో మాట్లాడటం వేరు అన్నది అక్కడి సూత్రం.

ఈ సూత్రం మనకు పనికొస్తుంది. దళిత సాహిత్యం ప్రయోగాల గని. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' కవితా సంకలనం, నల్లగొండ మాదిగ పలుకుబడిలో వేముల ఎల్లయ్య రాసిన 'కక్క' నవల, గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యంతో వచ్చిన 'నల్లపొద్దు' ఇవన్నీ అచ్చయిన, పేజీ సంఖ్యలున్న పుస్తకాలు. వాటిలోని ఒక మాటకు విక్షనరీలో పేజీ పెట్టి, ఆ మాట వచ్చిన చోటును, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీతో చూపితే అది నిఘంటువు కన్నా బలమైన ఆధారం.

జాగ్రత్తలు

మొదటిది, రచయిత, సంవత్సరం లేని నిఘంటువు సైట్లను ఆధారంగా చూపకండి. చాలా సైట్లు, యాప్‌లు అర్థాలను ఎక్కడెక్కడి నుంచో యంత్రంతో పోగేస్తాయి. వాటిలో కొన్ని విక్షనరీ నుంచే తీసుకుంటాయి. దాన్నే మళ్లీ విక్షనరీకి మూలంగా చూపితే మన మాటకు మనమే సాక్ష్యం చెప్పుకున్నట్టు. వికీపీడియా వ్యాసానికి విక్షనరీని ఆధారంగా చూపడమూ ఇలాంటిదే.

రెండోది, చూసిన తేదీ రాయండి. అచ్చు పుస్తకం మారదు, ఆన్‌లైన్ నిఘంటువు మారుతుంది. అమెరికాలో మెరియం వెబ్‌స్టర్ 2020లో ఒక యువతి రాసిన ఉత్తరాల తర్వాత 'రేసిజం' పదం వివరణను సవరించడానికి ఒప్పుకుంది. వ్యవస్థలో పాతుకున్న వివక్ష కూడా అర్థంలో స్పష్టంగా రావాలన్నది ఆమె కోరిక. మార్పు మంచిదే, కానీ తేదీ లేకుండా ఆ పేజీని ఉదహరించినవారు ఏ వివరణను చూశారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. వీలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పేజీ ప్రతిని భద్రపరిచి, ఆ లింకూ ఇవ్వండి.

మూడోది, మూలం రాసే క్రమం: నిఘంటుకర్త, నిఘంటువు పేరు, కూర్పు, సంవత్సరం, ఏ పదం కింద ఉంది, ఏ సైటులో చూశారు, ఏ తేదీన చూశారు. ఇవన్నీ ఉంటే మీ వాక్యాన్ని ఇష్టపడనివారు కూడా దాన్ని సులువుగా తొలగించలేరు.

నాలుగోది, కుల దూషణగా వాడే మాట పేజీ కనిపిస్తే వెంటనే చెరిపేయకండి. ఆధారం చూపకుండా చెరిపితే మరుక్షణం వెనక్కి తెస్తారు, మిమ్మల్నే తప్పుపడతారు. మాట ఉండనివ్వండి. 'హీనజాతి', 'నీచకులం' వంటి వివరణను అది చెప్పిన పుస్తకం పేరు మీదికి మార్చండి, సంవత్సరం చేర్చండి, 'కించపరిచే వాడుక' అనే గుర్తు పెట్టండి, దానికి ఆధారం ఇవ్వండి. ఎందుకు మార్చారో చర్చ పేజీలో నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత వచ్చే సంపాదకుడికి ఆ నాలుగు వాక్యాలే పనికొస్తాయి.

కళాశాలల్లోని విద్యార్థి సంఘాలు ఏప్రిల్‌లో జయంతి సభలతో పాటు ఒక పూట ఈ పనికి కేటాయించవచ్చు. పది మంది కూర్చుని పది పదాలు ఎంచుకుంటే చాలు. ఒక్కో పదానికి రెండు నిఘంటువులు, ఒక దళిత రచన చూసి పేజీని దిద్దాలి. మొదటి జాబితాకు పదాల కోసం వెతుక్కోనక్కర్లేదు: చండాలం, పంచముడు, హరిజనుడు, ఆది ఆంధ్ర, దళితుడు, డప్పు, చిర్ర, లంద, ఆరె, రంపె.